కమలకు కొత్త గ్లాసు

ఒరేయ్ మూర్తీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పోయిన ఆదివారం మన మునిర్కా కాలనీ తెలుగువాళ్లమంతా కలిసి నీ నాటిక వేశాం. అదేరా, పనిమనిషికి విడిగా సొట్టగ్లాసులో టీ ఇచ్చే ఇల్లాలి కథ. పక్కింటి శారదమ్మగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

ఇవాళ పొద్దున్నే వచ్చి, "సిగ్గేసింది అన్నయ్యగారూ. మా పనిమనిషి కమల సొట్టగ్లాసు పారేశాను" అన్నారు.

నువ్వు గెలిచావురా అనుకున్నాను. "అయితే ఇకనుంచి మీ కప్పుల్లోనే ఇస్తారా?" అన్నాను.

"అయ్యో, అదేంటండీ! కొత్త గ్లాసు కొన్నాను. పొరపాటున ఇంకెవరూ తాగకుండా కమల పేరు కూడా చెక్కించాను."

ఆవిడ వెళ్లాక పడీపడీ నవ్వుతూ మా ఆవిడకి చెప్పాను. తను నవ్వలేదు. "మన రామ్‌కలీకి మనం అసలెప్పుడైనా టీ ఇచ్చామా?" అంది.

తొమ్మిదేళ్లుగా మా గిన్నెలు తోముతున్న మనిషికి ఒక్కసారీ ఇవ్వలేదురా.

వెంటనే నేనే టీ పెట్టి, మా కప్పులో పోసి పిలిచాను. రామ్‌కలీ కప్పు వంక చూసింది, నా వంక చూసింది. "చాయ్ వద్దు సాబ్, ఆదివారం ఛుట్టీ ఇవ్వండి" అంది.

సెలవు ఇచ్చాను. ఆ టీ నేనే తాగాను.

దీన్ని నాటిక చేస్తే నా వేషం నేనే వేస్తాను. రాయడానికి నువ్వే లేవు.