కెజియా రొట్టె

పాస్టరుగారికి కెజియా తల్లి వందనాలండి.

మొన్న చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె పుచ్చుకున్న కాసేపటికే మా అమ్మాయికి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. అంతకుముందు నెల కూడా అంతే. పాపం దాచుకుని అయోగ్యంగా పుచ్చుకుందని సంఘంలో గుసగుసలు. మీరైతే మైకులోనే "ఏదన్నా దాచేవేమో, ఒప్పేసుకో అమ్మా" అన్నారు. పిల్ల చెయ్యని తప్పు కోసం వెతుక్కుని వెతుక్కుని ఏడ్చింది.

అమలాపురంలో రక్తపరీక్ష చేయించామండి. దానికి గోధుమ పడదని తేలింది. మన రొట్టె గోధుమపిండిదే కదా. ఇంట్లో చపాతీ తిన్నప్పుడు దద్దుర్లొస్తే వేడి చేసిందనుకున్నాం.

వచ్చే నెల బల్ల ఆరాధనకి బియ్యప్పిండి రొట్టె నేనే కాల్చి తెస్తాను. వేరే పళ్ళెంలో పెట్టి, ప్రార్థన చేసి ఇవ్వండి. కెజియా ముందు వరసలోనే కూర్చుంటుంది.

ఆ రోజు ఒప్పుకోమన్నది మైకులో కదండీ. పిల్ల తప్పేమీ లేదన్న మాట కూడా మైకులోనే చెప్పాలి.