పైకప్పు, పై కప్పు

శ్రీమతిగారూ, డ్యూటీ నుంచి రాగానే టీ పెట్టుకో. పాలు కాచి మూత పెట్టాను. మీ అమ్మగారిచ్చిన కప్పు మాత్రం ముట్టుకోకు. పిడికి గమ్ము పెట్టాను, సాయంత్రానికి గానీ ఆరదు.

నిన్న టీవీలో పేదలకు ఇళ్ళు కట్టిపెట్టే కార్యక్రమంలో ఆ దర్జీ ఇల్లు చూసి నువ్వు "అయ్యో, పైకప్పు పోయిందండీ!" అని కళ్ళొత్తుకుంటే, వంటింట్లో ఉన్న నాకు పై అరలోని ఈ కప్పే గుర్తొచ్చింది. పరిగెత్తుకొచ్చి "పగలగొట్టిందీ నేనే, దాచిందీ నేనే!" అని అడక్కుండానే ఒప్పేసుకున్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం మానేశావు. ఆ కార్యక్రమం వాళ్ళు ముక్కూ మొహం తెలియని దర్జీకి కొత్త ఇల్లు కట్టిపెడితే అంత మురిసిపోయావే, కట్టుకున్నవాడికి ఒక్క మాట సాయం చెయ్యలేవా? నువ్వు తిట్టినా సాయం కిందే రాసుకుంటాను.

అన్నట్టు, ఇంట్లో ఈ నిశ్శబ్దం ఏమిట్రా అని మా అమ్మ పొద్దున్నే నిలదీసింది. అమ్మనీ పిల్లలనీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను: పైకప్పు పోయింది దర్జీకి, పై కప్పు పోయింది నీకు, పరువు పోయింది నాకు. వాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఇక నువ్వొక్కదానివే మిగిలావు.