రాళ్లచేలో దిగిన యంత్రం

రెంటచింతల,
12-7-1965

చిరంజీవి బాలశౌరికి, మీ చిన్నాన్న ఇన్నయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం.

మద్రాసులో నువ్వు అట్టబొమ్మ వేసిన పత్రిక బడి మాష్టారు తెచ్చి చూపించాడు. మన రాళ్లచేను అచ్చంగా దించావు. పడమటి గట్టు వంకర కూడా పోలేదు. అయితే చేలో ఆ నాలుగు కాళ్ల ఇనప యంత్రం ఏందిరా? సాగరు డ్యాముకి కూడా మొదట బొమ్మలే గీశారు, తర్వాత ఊళ్లు ఖాళీ చేయమన్నారు. మన చేను ఏ ప్రాజెక్టు కింద పోతుందో దాచమాక. ఊరంతా వేలిముద్రలేసి, నీ బొమ్మ జతచేసి గురజాల తాలూకా ఆఫీసులో అర్జీ ఇచ్చాం.

ఇట్లు,
ఇన్నయ్య

తా.క.: యంత్రం పక్కన మనిషి తలకు కుండ బోర్లించుకున్నాడేందని మీ పిన్ని అడగమంది.

మద్రాసు,
20-7-1965

చిన్నాన్నకు బాలశౌరి నమస్కారాలు.

అది చంద్రమండలం చిన్నాన్నా! రాకెట్టు కథకు వేశాను. చంద్రుణ్ణి నేనెక్కడ చూసొచ్చాను? నేల గీయమంటే, నాన్నతో రాళ్లేరిన నేలే చేతికొచ్చింది. ఎడిటరుగారికి నచ్చలేదు. చంద్రుడి మీద కత్తుల్లాంటి కొండలుండాలట. మళ్లీ ఈ చేను వేస్తే వేరేవాణ్ణి చూసుకుంటామన్నారు. అర్జీ వెనక్కి తీసుకోండి, పుణ్యముంటుంది.

మీ
బాలశౌరి

తా.క.: అది కుండ కాదు. అక్కడ గాలీ లేదు, నీళ్లూ లేవు.

రెంటచింతల,
2-8-1965

చిరంజీవి బాలశౌరికి దీవెనలు.

నీ ఉత్తరం అందరిలో చదివించడం నా బుద్ధి తక్కువ. గాలీ నీళ్లూ లేవని నువ్వే రాశావని, చేను కౌలుకు ఒప్పుకున్న జహంగీరు వెనక్కి తగ్గాడు. అర్జీ వెనక్కిమ్మంటే గుమాస్తా "ఇది ఏ సర్వే నంబరు?" అన్నాడు. చంద్రుడని ఎట్టా చెప్పేది? మనదే చెప్పొచ్చాను.

ఒక మాట విను. ఆ రాళ్లేరీ ఏరీ మీ నాన్న నడుం వంగి కన్నుమూశాడు. ఆ నేల మనకేం పెట్టిందిరా? కొండలే వేసి పని నిలుపుకో.

ఇన్నయ్య

తా.క.: గాలి లేని చోట బీడీ ఎట్టా వెలిగిస్తారని పక్కచేను యల్లమంద అడుగుతున్నాడు.

మద్రాసు,
15-11-1965

చిన్నాన్నకు నమస్కారాలు.

మీరన్నట్టే కొండలు వేశాను. ఎడిటరుగారు భుజం తట్టారు. గదికొచ్చి చూసుకుంటే అది నాకు తెలిసిన చోటు కాదు. నాన్న చేతులు గుర్తొచ్చి సిగ్గేసింది. మరుసటి నెల మళ్లీ మన చేనే వేశాను. పని పోయింది. ఇప్పుడు సినిమా బోర్డులకు రంగులేస్తున్నాను. గది మారాను, కొత్త చిరునామా కవరు మీద రాశాను.

బాలశౌరి

తా.క.: హీరో బుగ్గలకు ఎంత గులాబీరంగు పూసినా చాలలేదంటున్నారు.

రెంటచింతల,
20-2-1966

ఒరేయ్ బాలశౌరీ,

మాష్టారు పేపరు తెచ్చాడు. చంద్రుడి మీద యంత్రం దిగి ఫోటోలు తీసిందట. కత్తుల కొండలేవిరా? అన్నీ రాళ్లే! ఊరంతా మన చేనే అన్నారు. నేను ఆ కాగితం పట్టుకుని చేనికి పోయి, ఒక్కో రాయీ పోల్చి చూశాను. ఒకటే తేడా. ఫోటోలో గట్టు మీద రాళ్లకుప్ప లేదు. అక్కడ మీ నాన్నలాగా ఏరేవాడు లేడు గదా.

కొండలు వేయమని చెప్పింది నేను. తప్పు నాదేరా అబ్బాయ్.

మీ చిన్నాన్న

తా.క.: నీ కొత్త గది తెలియక ఎడిటరు మనింటికే కార్డు రాశాడు. వెంటనే వచ్చి పనిలో చేరాలట. ఈసారి చంద్రుడికి అవతలి వైపు వేయాలట. మన గట్టుకు అవతల యల్లమంద చేనే గదా, అడిగి ఒప్పించాను. తననూ బొమ్మలో పెట్టాలట, చేతిలో బీడీ మాత్రం ఉండాలట.