అలిసిపోయిన మైకు

సిరవార మైక్‌సెట్ సామ్రాజ్యాధిపతి బసవప్ప మామ సముఖానికి, మేనల్లుడు వంగి వంగి రాసే విన్నపం.

గాజాల సచ్చిపోతున్న పిల్లల కోసం బస్టాండు ముందల మీటింగు పెడుతున్నం, మైకు ఇయ్యి మామా అంటే నువ్వేమన్నవు? "గాజా ఏడ, సిరవార ఏడ? నా గిరాకీ ఖరాబ్ జేయకురా!" నిజమే. లీడరు కుక్కపిల్ల పుట్టినరోజుకు పొద్దంతా మోగిన మైకు, పాపం అలిసిపోయుంటది.

అందుకే ఇయ్యాల మైకు లేకుండనే నిలబడ్డం. మా క్లాసుల చదివే స్ఫూర్తి ఆ పిల్లల పేర్లు చదువుతుంటే ఎవరికీ వినపడలే. "గట్టిగ చదువమ్మా" అన్నడొక వడ్ల ట్రాక్టరాయన. ఆమె గొంతే అంత. ఆయనే ఇంజను బంద్ చేసిండు. ఎనక ఆటోలూ బంద్ చేసిన్రు. వినాలంటే దగ్గరికి రావాలె గద, జనమంతా దగ్గరికొచ్చిన్రు. నీ మైకుంటే దూరంగ నిలబడి చాయ్ తాగుతుండిరి.

అందరికన్న ముందు నిలబడి కొంగుతో కండ్లు తుడుచుకున్నది మన సుమంగళత్త. మైకు ఎందుకు లేదని అడిగింది. నేను అబద్ధమాడలేదు మామా.

"ఇంటికి పోయి మీ మామతోని మాట్లాడుత" అని బయలెల్లింది. అత్తకు మైకు ఎన్నడూ అవసరం పడలే.

నీ క్షేమం కోరే,
మేనల్లుడు