మాత్రల మొక్కు

సుశీలా,

నువ్వు పోయింది ఏళ్ల కింద ఈ రోజే. మన బిడ్డ వసంతకూ నీ జబ్బే వచ్చింది.

అప్పట్లో క్షయ అంటే నిన్ను ఊరికి దూరంగా పంపాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంట్లోనే ఉండి మాత్రలు మింగవచ్చు. దగ్గు పోయినా ఆపకుండా ఏడాదికి పైగా మింగాలని నిజామాబాద్ డాక్టరు మరీ మరీ చెప్పాడు.

దగ్గు త్వరగానే తగ్గింది. మీ అమ్మ మొక్కుకున్నట్టే పోచమ్మకు బోనం ఎత్తి, ఆ రోజే మాత్రలు ఆపించింది. నేను పసుపు లారీలతో సాంగ్లీ మార్కెట్టుకు వెళ్లి వచ్చేసరికి వసంత మళ్లీ దగ్గుతోంది.

"తల్లి బోనం తీసుకున్నంక గూడ మందు మింగితే ఆమెను నమ్మనట్టే గద అల్లుడా," అంది మీ అమ్మ.

బతిమాలాను. డాక్టరు మాట చెప్పాను. వినలేదు. చివరికి, ఏ దేవుడికీ దండం పెట్టని నేను, మీ అమ్మ వినేలా పోచమ్మ గుడి ముందు మొక్కాను. డాక్టరు చాలనే దాకా నా బిడ్డ రోజూ పొద్దున నీ ముందే మాత్ర మింగుతుంది తల్లీ, అన్నాను.

"బాపూ, నువ్వు మొక్కుడేంది?" అని వసంత నవ్వబోయి దగ్గింది.

"మొక్కినంక తప్పొద్దు. తప్పితే తల్లి ఊకోదు," అంటూ మీ అమ్మ తానే చెంబుతో నీళ్లు తెచ్చింది.

వసంత మాత్ర మింగింది. కానీ మధ్యలో ఆపితే ఆ మందు మళ్లీ పనిచేయకపోవచ్చని డాక్టరు ముందే అన్నాడు. రేపు ఆయన దగ్గరికి వెళ్లాలి. మందు ఇంకా పనిచేస్తుందా అని నువ్వుంటే అడిగేదానివి. నాకు ఆ మాట అడగడానికి నోరు రావడం లేదు.