సున్నపు గీత అవతల

26 జనవరి 2006, సాయంత్రం. ఖమ్మం, దవాఖానా

బతికాడు. ముందు అది రాసుకోవాలి. స్తోత్రం ప్రభువా.

మా ఆయన జస్టిన్‌కి కుడి తొడ ఎముక విరిగింది, వెన్నులో పూస ఒకటి నలిగింది. రేపు ఆపరేషన్. నడుస్తాడని డాక్టర్ అన్నాడు.

ఆర్మీ వదిలాక ఊరూరా పారాచూట్ షోలు చేస్తున్నాడు గానీ, సొంత ఊరు జూలూరుపాడులో దూకడం ఇదే మొదలు. పారాచూట్ చక్కగా తెరుచుకుంది. గ్రౌండ్‌లో సున్నంతో గీసిన గుండ్రం మీదికి మెల్లగా వస్తున్నాడు. తాటిచెట్టంత ఎత్తుకు వచ్చాక, గుండ్రం దాటిపోతున్నానని ఒక పక్క తాడు గట్టిగా లాగాడు. గిర్రున తిరిగి, రాయిలా కిందికి వచ్చాడు. అదీ షోలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

3 ఫిబ్రవరి

కాలి వేళ్లు కదిలించాడు. ఒక్కో వేలూ ముద్దు పెట్టుకున్నాను. నర్సు నవ్వింది, నవ్వనీ.

19 మార్చి. జూలూరుపాడు

చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ మామగారు క్రీస్తుదాసు చెప్పేది ఒకటే: గొడుగు తెరుచుకోకపోయినా దేవుడు కాపాడాడని. ఊళ్లో పారాచూట్‌ని గొడుగనే అంటారు. వినీ వినీ నాకు ఒళ్లు మండుతోంది. తెరుచుకోవడం ఆయన కళ్లారా చూశారు. కొడుకును అనలేక గొడుగును అంటున్నారు. జస్టిన్ మంచం మీద పడుకుని అన్నీ వింటాడు, కాదనడు.

నా భయం అదే. మళ్లీ దూకకుండా ఉండే మనిషి కాదని పెళ్లినాడే తెలుసు. తప్పు గొడుగుదేనని నమ్మితే మళ్లీ అలాగే తిప్పుతాడు. అప్పుడు నాకు మిగలడు.

14 మే

ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టాం. పాటలయ్యాక సాక్ష్యం చెప్పమన్నారు. చేతికర్ర మీద లేచాడు.

"గొడుగు మంచిగనే తెరుచుకుంది. ఆ గీత లోపల్నే దిగాలె, మీరంత సూడాలె అని నేనే జోరుగ తిప్పిన. గట్ల తిప్పితే గొడుగు కిందికి ఉరుకుతది. మళ్ల సక్కగయ్యేందుకు ఎత్తు గావాలె. నేల దగ్గర ఎత్తు ఏడికెల్లి వస్తది?"

ఎవరూ హల్లెలూయ అనలేదు. మామగారు తల దించుకున్నారు. తల ఎత్తి ఆయనే ముందుగా స్తోత్రం అన్నారు. తర్వాత అందరూ అందుకున్నారు. ఈ గొడవలో బిర్యానీ అడుగంటింది. ఎంత రుచిగా ఉందో.

25 జనవరి 2008

రేపు మళ్లీ అదే గ్రౌండ్. డాక్టర్లు సరేనన్నారట. నువ్వేమంటావని జస్టిన్ అడిగాడు. "గీత లోపల పడకుంటే ఏమైతది, నవ్వుతరు. అంతేగద" అన్నాను.

సాయంత్రం వెళ్లి చూస్తే, మామగారు దగ్గరుండి గ్రౌండ్ అంతా పట్టేంత గుండ్రం గీయించారు. దేవుడు ఈ ముసలాయన్ని చల్లగా చూడాలి.

26 జనవరి

అంత గుండ్రంలోనూ పడలేదు. గాలి తోసేసింది. అయినా జస్టిన్ తిప్పలేదు. తిన్నగా పోయి పక్కనున్న సీతారావమ్మ మిరపచేలో దిగాడు. విరిగిన మొక్కలు చూసి ఆమె ఇంకా తిడుతూనే ఉంది.

జనం నవ్వారు. చప్పట్లు కొట్టింది ఇద్దరమే, నేనూ మామగారూ.