గోడలో వదిలిన ఇటుక

పుంగ్గోల్, సింగపూర్
ఆదివారం

బాలనాగమ్మకు,

నీ పెనిమిటి పెద్దిరాజు రాసేది. ఇక్కడ నేనూ, నా గదిలోని తక్కిన పదకొండుమందీ వేళకి తింటూ, పనికి వెళ్తూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, కావ్యశ్రీ, నీ నాలుగు మేకలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అనిల్‌కుమార్ చేత పంపిన ఉత్తరం, ఆవకాయ రెండూ అందాయి. ఉత్తరం మొత్తం నాకే దక్కింది, ఆవకాయ మాత్రం సగమే. డబ్బా మూత తీసిన వాసనకి పక్క గదిలో తమిళవాళ్ళు కూడా పళ్ళేలు పట్టుకుని వచ్చారు. నీ చేతి రాత బాగుపడింది. ఒత్తులు ఇంకా నీ ఇష్టం వచ్చినట్టు పెడుతున్నావు గానీ, బడి మొహం చూడకుండా ముప్పయ్యేళ్ళు దాటాక అక్షరాలు దిద్దిన మనిషికి అవేం లెక్క.

రోజూ ఫోన్లో మొహాలు చూసుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరాలెందుకని మా గదిలోని ఏసుబాబు నవ్వుతాడు. ఫోన్లో మనం మాట్లాడుతుంటే పక్కన కూతురుంటుంది, గుమ్మంలో ఎవరో ఒకరుంటారు, నా వెనక పదకొండుమందుంటారు. ఉత్తరంలో అయితే మనిద్దరమే ఉంటాం. ఇది సెలవు మీద వస్తున్న ఏసుబాబే నీకు తెచ్చి ఇస్తాడు. ఇందులో రెండు కాగితాలున్నాయి. మొదటిది కావ్యశ్రీ చేత చదివించుకో, దానికీ సరదాగా ఉంటుంది. రెండోదాన్ని మడిచి పిన్ను కొట్టాను. అది కూడబలుక్కునైనా సరే, నువ్వొక్కదానివే చదవాలి. పదిహేనేళ్ళుగా నీకు చెప్పకుండా దాచుకున్న మాట ఒకటుంది. అది అందులో ఉంది.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. జీతం రోజు డబ్బు పంపడానికి వరసలో నిలబడితే తప్ప గుర్తు రావడం లేదు. వంటింటి గోడలో వదిలిన ఇటుక సందులోంచి జల్లు కొడుతోంది, మూయించేదా అని అడిగావు. దానికి జవాబు రెండో కాగితంలో ఉంది. ఇక ప్రతి ఆదివారం క్లెమెంటి ఎందుకు వెళ్తున్నావు, ఆ మేడం ఎవరు అని అడిగావు. అడిగిన తీరు నాకు అర్థమైంది. ఆవిడ పేరు అరుంధతి. అక్కడ పెద్ద కాలేజీలో పరిశోధన చేస్తారు. భర్త ఉన్నాడు, నందిత అని తొమ్మిదేళ్ళ కూతురుంది. ఆ పిల్ల నన్ను అంకుల్ అంటుంది. ఇంక నువ్వు నిశ్చింతగా పడుకో.

మొదట మా హాస్టల్లో పనివాళ్ళకి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చేవారు. ఒక రోజు పాఠం అయ్యాక తన ఫోన్లో ఒక ఫోటో చూస్తూ దిగులుగా కూర్చున్నారు. పక్కనుంచి చూస్తే పచ్చి ఇటుకలు. మన వైపు బట్టీయే. ఇక్కడ గోడలు ఫ్యాక్టరీలో పోతపోసి క్రేనుతో దించుతారు, ఇటుక కంటబడి ఎన్నాళ్ళయిందో. ఆశగా చూశాను.

ఆవిడ ఇక్కడ ఒక సేవాసంస్థలో కూడా పనిచేస్తున్నారట. బట్టీల్లో, పొలాల్లో చాకిరీకి పెట్టిన పిల్లల్ని విడిపించడానికి మన జిల్లాలో ఒక చిన్న సంస్థ ఉంది. వాళ్ళు ఫోటోలు, కాగితాలు పంపుతారు. వీళ్ళు ఇక్కడ కూర్చుని అన్నీ పరిశీలించి, ఖర్చు భరించి, లాయర్లని కుదురుస్తారు. బట్టీలోకి వెళ్ళేది మాత్రం అక్కడి వాళ్ళే, ఆర్డీవో గారిని వెంటబెట్టుకుని.

“పెద్దిరాజు గారూ, టీమ్ రెండు సార్లు వెళ్ళొచ్చింది. ఒక్క చైల్డ్ కూడా కనబడలేదు. కేస్ క్లోజ్ చేద్దామంటున్నారు,” అన్నారు.

“పిల్లలున్నారు మేడం,” అన్నాను.

ఎలా చెప్పగలిగావని నువ్వు అడగవు, నీకు తెలుసు. కావ్యశ్రీ కోసం రాస్తున్నాను. అచ్చుపోసిన ఇటుక ఒక పక్క ఆరాక రెండో పక్కకి తిరగేయాలి. వరసల మధ్య జానెడు దారి కూడా ఉండదు. పెద్దవాళ్ళు అడుగేస్తే అంచులు విరుగుతాయి. అందుకని బరువు లేని పిల్లల్ని దింపుతారు. ఆ ఫోటోలో వెయ్యి ఇటుకలు శుభ్రంగా తిరగబడి ఉన్నాయి, ఒక్క అంచు విరగలేదు. మధ్యలో నా అరచెయ్యంత కూడా లేని పాదాల గుర్తులున్నాయి.

ఫోటోని పెద్దది చేయించి చూశాను. వెనక ఇంకొకటి కనబడింది. లారీ అంత పొడుగు దొంతర, పైన తాటాకు కప్పు. ఆరబెట్టే దొంతరలో ఇటుకకీ ఇటుకకీ సందు వదలాలి, లేకపోతే తడి పోదు. ఆ దొంతరలో సందుల్లేవు. అడుగున ఒక్క ఇటుక మేర కన్నం మాత్రం ఉంది. “పచ్చి ఇటుకని అలా పేర్చేవాడు బట్టీ పని తెలియనివాడైనా అయి ఉండాలి, లోపల ఏదైనా దాచేవాడైనా అయి ఉండాలి. అది గుల్ల దొంతర మేడం. తనిఖీకి ఎవరొచ్చినా పిల్లలు అందులో ఉంటారు,” అన్నాను.

ఆవిడ ఫోను పక్కన పెట్టి, “మీకింత డీటెయిల్‌గా ఎలా తెలుసు?” అన్నారు. బట్టీలో పెరిగినవాణ్ణి కదా అన్నాను.

అప్పట్నుంచి ఆదివారం వస్తే రైలెక్కి క్లెమెంటి. మొదటి రోజు మేడం వాళ్ళతో తిండికి వెళ్తే హోటల్లో ఖాళీ బల్ల మీద ఎవరో కాగితం రుమాళ్ళ పాకెట్టు మర్చిపోయారు. పాపం అనుకుని తీసి కౌంటర్లో ఇచ్చి దర్జాగా కూర్చున్నాను. నందిత పరుగున వచ్చి, “అంకుల్, దట్ టేబుల్ చోప్ చేసేశారు లా,” అంది. పాకెట్టు పెట్టారంటే చోటు పట్టుకున్నారని అర్థమట. ఆ పాకెట్టు తాలూకు చీనా ముసలాయన వచ్చి నన్ను చూసిన చూపు నీ చూపుకేం తీసిపోదు.

పోయిన ఆదివారం ఉదయం మేడం గారి ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం, బల్ల మీద ఫోన్. అక్కడ ఏడున్నర. మన జిల్లా సంస్థ మనిషి నిశాంత్ ఆర్డీవో గారితో బట్టీలోకి వెళ్ళి, వీడియోలో దొంతర చూపించాడు. బట్టీ యజమాని అది పాడైపోయిన సరుకని చెబుతున్నాడు. పైనుంచి విప్పొద్దని, లోపలికి కూలుతుందని, ముందు పిల్లల్ని మాట్లాడించమని నేను ముందే చెప్పి ఉంచాను. నిశాంత్ పిలిచాడు. బాబూ అన్నాడు, తల్లీ అన్నాడు. చప్పుడు లేదు. ఆర్డీవో గారు గడియారం చూసుకున్నారు. ఈసారి ఖాళీ చేతులతో వెనక్కి వస్తే మరి ఆ బట్టీకి ఎవరూ వెళ్ళరు.

“ఫోను ఆ కన్నం దగ్గర పెట్టండి,” అన్నాను. నిశాంత్ వంగి పెట్టాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలీదు.

“గంజి దిగిందర్రా. రండి,” అని పిలిచాను.

కాసేపటికి ఆ కన్నంలోంచి ఒక చిన్న చెయ్యి బయటికొచ్చింది. చేతిలో సత్తు గ్లాసు ఉంది.

ఎనిమిదిమంది బయటపడ్డారు. అందులో చిన్నపిల్లకి ఏడేళ్ళు. ఆర్డీవో గారు తల్లిదండ్రులతో సహా అందరికీ విడుదల కాగితాలు రాసిచ్చారు. సొంత ఊళ్ళో బడిలో చేర్చేదాకా సంస్థ వాళ్ళే చూస్తారు. మేడం ఏడ్చారు. నందిత నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇంకో రెండు బట్టీల ఫోటోలు వచ్చాయి. అవీ వదలను. నీ మొగుడు ఇటుక చూసి గుట్టు చెప్పగలడు. కావ్యశ్రీ, మీ నాన్న ఏం పని చేస్తాడని బడిలో ఎవరైనా అడిగితే ఇదీ చెప్పు.

ఇక్కడితో ఈ కాగితం ఆపు. రెండోది మీ అమ్మకి ఇచ్చెయ్.

*

బాలనాగమ్మా, ఇప్పుడు ఒక్కదానివే ఉన్నావు కదా.

గంజి దిగింది అన్న మాట వినగానే నీ చేతిలో పని ఆగి ఉంటుంది. ఆఫీసర్లు వెళ్ళిపోయారు, ఇంక రావచ్చు అని మన వైపు బట్టీలన్నిటిలో అదే గుర్తు. ఆ మాట వినబడేదాకా ఎవరు పిలిచినా పలకకూడదు. నీకు పదమూడేళ్ళప్పుడు, అయిదుగురు పిల్లలతో కలిపి నిన్ను గుల్ల దొంతరలో పెట్టి మూశారు. పొద్దున్నుంచి ఎండ దిగేదాకా ఉన్నావు. ఇప్పటికీ తలుపు వేస్తే నీకు నిద్ర రాదు.

ఆ కథ నువ్వు ఎప్పుడు చెప్పినా ఒక్క చోటే ముగించేదానివి. “అడుగున ఒక ఇటుక తీసుంచినాడు గనక గాలాడి బతికినాం. ఆడెవడో గానీ, ఆడి కడుపు సల్లగుండాల,” అనేదానివి. మన ఇల్లు కట్టేటప్పుడు వంటింటి గోడలో అడుగున ఒక ఇటుక పెట్టనివ్వలేదు నువ్వు. తాపీ మేస్త్రి నీతో వాదించి వాదించి అలిసిపోయాడు. పిల్లులు దూరుతాయని నేనూ గొణిగాను. “ఆ మారాజు పేరు మీద ఉండనీ,” అన్నావు. నేను బయటికి వెళ్ళి బీడీ వెలిగించుకున్నాను.

ఆ ఇటుక తీసింది నేను.

ఆ దొంతర పేర్చిందీ నేనే.

అప్పటికి నాకు పదిహేడేళ్ళు. చెయ్యి చురుకని బట్టీ మేస్త్రి మారయ్య మెచ్చుకునేవాడు. లోపల గుల్లగా, పైకి గట్టిగా పేర్చే ఉపాయం నాదే. మీరు తలలు వంచుకుని లోపలికి వెళ్ళాక చివరి నాలుగు వరసలూ మూసింది నా చేతులే. తలకి తువ్వాలు చుట్టుకున్నాను, నువ్వు వెనక్కి తిరగలేదు. కన్నం కూడా నేను దయతో వదిలింది కాదు. “లోపల పిల్లలకేటైనా అయితే మన పీకల మీదికొస్తాదిరా, గాలాడేలాగ సూడు,” అన్నాడు మారయ్య. అందుకని ఒక ఇటుక తీశాను. నువ్వు ఇన్నేళ్ళూ దీవిస్తున్నది ఆ ఇటుకని.

పెళ్ళికి ముందే చెప్పాల్సింది. చెబితే నువ్వు చేసుకోవని భయపడ్డాను. తరువాత, నువ్వు దీవించినప్పుడల్లా ఇంకొంచెం కష్టమైంది. నా ఉపాయం మేస్త్రి నుంచి మేస్త్రికి పాకి ఇరవయ్యేళ్ళు బతికింది. ఫోటోలో చూడగానే నా చేతి పని నేనే గుర్తుపట్టాను. ఆ చిన్న చెయ్యి బయటికొచ్చినప్పుడు నాకు కనబడింది నువ్వు.

నిన్న మేడంకి ఉన్నదంతా చెప్పి, నా పేరు పెట్టి వాంగ్మూలం రాయించి సంతకం చేశాను. అప్పుడు మీరూ మైనరే కదా, మీకేం కాదని లాయరు గారు ఫోన్లో అన్నారు. కావచ్చు. నేను మైనరునని ఆ రోజు నీకూ తెలీదు, నాకూ తెలీదు. కేసు నడిచేటప్పుడు ఎవరైనా ఇంటికొచ్చి అడుగుతారు. పరాయివాళ్ళ నోట నువ్వు వినకూడదు. చేసిన పనికి సిగ్గుపడుతున్నాను, చెప్పినందుకు మాత్రం కాదు. ఇంక నా దగ్గర నీకు తెలియనిదేమీ లేదు.

గోడ సంగతి అడిగావు. ఆ కన్నం ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడు నీకు తెలిసింది. ఉంచుతావో, మూసేస్తావో నీ ఇష్టం. ఉంచమని నేను అడగను. మూసేయాలనిపిస్తే మాత్రం తాపీ మేస్త్రిని పిలవకు. రెండు నెలల్లో నాకు సెలవు వస్తుంది. అందాకా జల్లు పడకుండా గోనె అడ్డం పెట్టు. నేను వచ్చాక, నువ్వు ఎదురుగా కూర్చుని చూస్తుండగా, ఈసారి తలకి తువ్వాలు లేకుండా ఆ ఇటుక నేనే పెడతాను.

ఇట్లు,
నీ మాట కోసం చూసే నీ పెనిమిటి,
పెద్దిరాజు